బీపీ మాత్ర వేసుకుంటే కడుపులో బిడ్డకు రక్తం తగ్గుతుందా?

ప్రతి నెలా 9వ తేదీన కనిగిరిలోనో ఉదయగిరిలోనో ప్రభుత్వాసుపత్రి ముందు గర్భిణుల వరస కనిపిస్తుంది. 2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ఆ రోజు డాక్టరు పరీక్షలు ఉంటాయి. ఆ వరసలో నిలబడి, బీపీ ఎక్కువుందని మాత్రల చీటీ రాయించుకున్న అమ్మాయి ఇల్లు చేరేసరికి రెండు మాటలు వినాల్సి వస్తుంది. "కడుపుతో ఉండి బీపీ మాత్రలేందిమే, బిడ్డకు రక్తం అందొద్దా?" అని అత్త. "మానేస్తే ఫిట్స్ వస్తాయక్కా" అని ఆశా కార్యకర్త.

అత్త మాటను చాదస్తమని కొట్టిపారేయడానికి లేదు. పాతికేళ్ళుగా డాక్టర్లు తమలో తాము వాదించుకుంటున్నదీ అదే. మాత్ర తల్లికి మేలు చేస్తుందన్నది ఎవరూ కాదనడం లేదు. ఆ మేలుకు బిడ్డ ఏమైనా మూల్యం చెల్లిస్తోందా అన్నదే వాళ్ళ తగువు.

ఎంతుంటే ఎక్కువ, ఎప్పుడొస్తే ఏ రకం

గర్భిణికి పై అంకె 140కి గానీ కింది అంకె 90కి గానీ చేరితే బీపీ ఎక్కువ ఉన్నట్టు లెక్క. ఒక్కసారి చూసి తేల్చరు. కనీసం నాలుగు గంటల తేడాతో రెండోసారి చూసినా అలాగే ఉండాలి. పై అంకె 160కి గానీ కింది అంకె 110కి గానీ చేరితే మాత్రం తీవ్రమైన బీపీ. అప్పుడు నాలుగు గంటలు ఆగరు, పది పదిహేను నిమిషాల్లో మళ్ళీ చూసి వైద్యం మొదలుపెడతారు. ఎండలో బస్టాండు నుంచి నడిచొచ్చి, వచ్చీరాగానే చెయ్యి చాపితే వచ్చే అంకెను నమ్మలేం. లావుపాటి చేతికి చిన్న పట్టీ చుట్టినా బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

ఎప్పుడొచ్చిందన్నది ఇంకా ముఖ్యం. గర్భానికి ముందే ఉన్నా, 20 వారాల లోపు బయటపడినా అది పాత బీపీ. 20 వారాలు దాటాక కొత్తగా వచ్చి, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీను లేకుండా, వేరే అవయవాలకు ఇబ్బంది లేకుండా ఉంటే గర్భం వల్ల వచ్చిన బీపీ. దానికి ఆల్బుమిన్ తోడైతే ప్రీఎక్లాంప్సియా అంటారు. ఆల్బుమిన్ లేకపోయినా ప్లేట్‌లెట్లు లక్ష కంటే పడిపోవడం, కాలేయం ఎంజైములు పెరగడం, కిడ్నీ దెబ్బతినడం, తగ్గని తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం వంటివి ఉంటే అదీ ప్రీఎక్లాంప్సియానే. ఫిట్స్ కూడా వస్తే ఎక్లాంప్సియా, మన పెద్దవాళ్ళు గుర్రపువాతం అనేది.

ఇందులో ఒక మెలిక ఉంది. గర్భం మధ్య నెలల్లో ఎవరికైనా బీపీ సహజంగా కొంత తగ్గుతుంది. పాత బీపీ ఉన్న మనిషి తొలిసారి 18వ వారంలో పీహెచ్‌సీకి వస్తే అంకె మామూలుగానే కనిపించొచ్చు. ఎనిమిదో నెలలో పెరిగినప్పుడు "కొత్తగా వచ్చింది" అని రాసుకుంటారు. రెండో నెలలోనే ఒకసారి చూసి ఉంటే ఈ తికమక ఉండేది కాదు.

కాళ్ళ వాపుల సంగతి క్లుప్తంగా చెప్పొచ్చు. నెలలు నిండేకొద్దీ వాపులు చాలామందికి వస్తాయి, జబ్బును నిర్ధారించే లక్షణాల్లో ఇప్పుడు వాటిని లెక్కేయరు. ఉన్నట్టుండి ముఖం, చేతులు ఉబ్బితే మాత్రం బీపీ చూస్తారు.

మాయ దగ్గర జరిగేది

తల్లి రక్తం, బిడ్డ రక్తం కలవవు. మాయలో (ప్లాసెంటాలో) బిడ్డ రక్తనాళాలు సన్నటి వేళ్ళలా అల్లుకుని ఉంటాయి, వాటి చుట్టూ తల్లి రక్తం వచ్చి నిండుతుంది. ఆక్సిజన్, పోషకాలు మధ్యనున్న పల్చటి పొర దాటి వెళతాయి. తల్లి రక్తాన్ని అక్కడికి తెచ్చేవి గర్భాశయం గోడలోని మెలికలు తిరిగిన నాళాలు, స్పైరల్ ఆర్టరీలు. మాయ కింద ఇవి సుమారు వంద ఉంటాయి. గర్భం లేనప్పుడు గర్భాశయానికి నిమిషానికి 50 మిల్లీలీటర్ల రక్తం చాలు. నెలలు నిండేసరికి అది అర లీటరు దాటి, ముప్పావు లీటరు దాకా పోతుంది.

ఇంత తేడా గుండె వేగంగా కొట్టుకోవడం వల్లే రాదు, దారి వెడల్పు కావాలి. తొలి నెలల్లో మాయ కణాలు తల్లి నాళాల్లోకి చొచ్చుకుపోయి, వాటి గోడల్లో బిగుసుకునే కండరాన్ని కరిగించేస్తాయి. సన్నటి నాళం నోరు గరాటులా తెరుచుకుంటుంది. ఇక తల్లి శరీరం బిగించాలన్నా అది బిగుసుకోదు. సుమారు 20 వారాలకు ఈ పని పూర్తవుతుంది.

తొందరగా వచ్చే ప్రీఎక్లాంప్సియాలో ఎక్కువగా ఈ పనే సగంలో ఆగిపోతుంది. నాళాలు సన్నగానే ఉండి, మాయకు రక్తం ఒకసారి అందీ ఒకసారి అందకా పోతుంది. ఇబ్బందిపడ్డ మాయ తల్లి రక్తంలోకి కొన్ని పదార్థాలు వదులుతుంది. వాటిలో ముఖ్యమైనది ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1 అనే ప్రోటీను. బోస్టన్‌లో అనంత్ కరుమంచి బృందం 2003లో దీని పాత్రను చూపించింది. తల్లి రక్తనాళాల లోపలి పొర ఆరోగ్యంగా ఉండటానికి కావాల్సిన వాటిని ఇది పట్టేసుకుంటుంది. దాంతో ఒళ్ళంతా నాళాలు బిగుసుకుంటాయి, కిడ్నీ నుంచి ఆల్బుమిన్ కారుతుంది, బీపీ పెరుగుతుంది.

అంటే ఈ రకంలో బీపీ వల్ల మాయ చెడలేదు, మాయ సరిగా కుదరక బీపీ పెరిగింది. ఈ వరస గుర్తుంటే మిగతా వాదన సులువుగానే అర్థమవుతుంది. నెలలు నిండాక వచ్చే ప్రీఎక్లాంప్సియాలో మాయ లోపం ఇంత స్పష్టంగా ఉండదు. అక్కడ తల్లి గుండె, రక్తనాళాల శక్తి చాలకపోవడమే మొదటి కారణమనే పరిశోధకులూ ఉన్నారు, ఆ చర్చ ఇంకా సాగుతోంది.

పిల్లకాలవ, తూము, గట్టు

పెన్నా ఆయకట్టులో సేద్యం చేసేవాళ్ళకు దీన్ని వేరే చెప్పక్కర్లేదు. సోమశిల నుంచి నీళ్ళు వదిలినా తూము ఇరుకైతే కాలవ చివర మడికి తడి అందదు. పైన మట్టం పెరిగితే ఆ ఇరుకు తూములోంచే కాస్త ఎక్కువ నీళ్ళు దిగుతాయి, కాకపోతే గట్టు తెగే భయం. గట్టు కోసం మట్టం దించితే తెగే గండం తప్పుతుంది గానీ తూము వెడల్పు కాదు. ఒక్కసారిగా బాగా దించేస్తే ముందు ఎండేది చివరి మడే.

బీపీ మాత్ర చేసేది మట్టం దించడం. కాపాడేది గట్టును, అంటే తల్లి మెదడు, గుండె, కిడ్నీలను. తీవ్రమైన బీపీలో తల్లిని తీసుకుపోయేది తరచూ మెదడులో రక్తస్రావం. ఇరుకు నాళాన్ని వెడల్పు చేసే మాత్ర ఇప్పటికి లేదు. మెదడుకూ కిడ్నీకీ ఉన్న వెసులుబాటు కూడా మాయకు లేదు. బీపీ కొంత తగ్గితే ఆ అవయవాలు తమ నాళాలను తామే సడలించుకుని రక్తం సరిచూసుకుంటాయి. మాయ వైపు నాళాలు తెరుచుకోగలిగినంత అప్పటికే తెరుచుకుని ఉంటాయి, ఇంకా తెరుచుకోలేవు. అక్కడి ప్రవాహం చాలావరకు తల్లి బీపీ మీదే నడుస్తుంది. అత్త భయానికి శాస్త్రంలో ఉన్న ఆధారం ఇదే.

ఎంత దించారు, ఎంత వేగంగా దించారు

దీన్ని లెక్కగా చూద్దాం. అవయవాలకు రక్తాన్ని నెట్టేది సగటు ఒత్తిడి. కింది అంకెను రెండింతలు చేసి, పై అంకె కలిపి, మూడుతో భాగిస్తే అది వస్తుంది.

దర్శి వైపు నుంచి 33 వారాల గర్భిణి 170/115తో ఒంగోలు జీజీహెచ్‌కు వచ్చిందనుకుందాం. సగటు ఒత్తిడి 133. మందుతో గంటా గంటన్నరలో 145/95కు తెస్తే సగటు 112, అంటే 16 శాతం తగ్గుదల. తల్లి గండం దాటింది, మాయకు ఒత్తిడి ఉంది. అదే మనిషికి అదే వ్యవధిలో 110/70 చేస్తే సగటు 83కు పడిపోతుంది, 37 శాతానికి పైగా తగ్గినట్టు. కాగితం మీద 110/70 ముచ్చటైన అంకె. ఆ మాయకు మాత్రం అది కరువు. మానిటరు మీద బిడ్డ గుండె వేగం పడిపోవచ్చు, అత్యవసరంగా పెద్దాపరేషన్ చేయాల్సి రావొచ్చు.

అందుకే అత్యవసర వైద్యంలో లక్ష్యం మామూలు బీపీ కాదు. మొదట 140–150 బై 90–100 మధ్యకు తెస్తారు. ఒకప్పుడు నిఫెడిపిన్ అనే బీపీ మందు గొట్టం మాత్రను పొడిచి నాలుక కింద పిండేవాళ్ళు. బీపీ ఎంత పడుతుందో చెప్పలేనంత వేగంగా పడిపోతుందని ఆ పద్ధతిని వద్దంటున్నారు. అదే నిఫెడిపిన్‌ను మింగిస్తే ఇప్పటికీ మంచి మందే.

ఓ మాదిరి బీపీ దగ్గరే అసలు తగువు

160/110 దాటితే మందు ఇవ్వాలన్న విషయంలో తగాదా లేదు. 145/95 ఉన్న మనిషికి ఇవ్వాలా వద్దా అన్నదే ప్రశ్న.

2000లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో పీటర్ వాన్ డాడెల్‌జెన్ బృందం అప్పటిదాకా జరిగిన ట్రయల్స్, అంటే మందులను మనుషులకిచ్చి పోల్చి చూసే పరీక్షలు, అన్నీ కలిపి లెక్కేసింది. మందుల వల్ల సగటు ఒత్తిడి ప్రతి 10 పాయింట్లు ఎక్కువ తగ్గినకొద్దీ బిడ్డ బరువు సుమారు 145 గ్రాములు తగ్గినట్టు తేలింది. 150/100ను 135/85కు దించితే సగటు 15 పాయింట్లు తగ్గుతుంది, అంటే 200 గ్రాముల పైమాటే. అసలే రెండున్నర కిలోల దగ్గర ఊగిసలాడే మన బిడ్డలకు అది చిన్న సంగతి కాదు. దాంతో చాలామంది డాక్టర్లు తీవ్రమయ్యేదాకా మందు జోలికి పోకుండా ఉండిపోయారు. అయితే అవి చిన్న చిన్న ట్రయల్స్, రకరకాల మందులు. తగ్గిన బీపీకీ తగ్గిన బరువుకూ ఉన్న పొత్తును ఆ లెక్క చూపించింది, ఒకదాని వల్లే మరొకటి జరిగిందని నిరూపించలేదు.

ఆ అనుమానం లేవనెత్తిన బృందంలోని లారా మాగీ నాయకత్వంలోనే తర్వాత చిప్స్ అనే పెద్ద ట్రయల్ జరిగింది. 2015లో ఫలితాలు వచ్చాయి. 987 మంది గర్భిణుల్లో సగం మందికి వదులుగా కింది అంకె 100 దగ్గర, సగం మందికి గట్టిగా 85 దగ్గర ఉంచేలా చూశారు. బిడ్డను కోల్పోవడం, పుట్టాక రెండు రోజులకు మించి ప్రత్యేక వైద్యం అవసరమవడం కలిపి చూస్తే 31.4 శాతం, 30.7 శాతం. తేడా లేనట్టే. తీవ్రమైన బీపీ మాత్రం వదులుగా చూసినవాళ్ళలో 40.6 శాతానికి, గట్టిగా అదుపు చేసినవాళ్ళలో 27.5 శాతానికి వచ్చింది. బరువు తక్కువ బిడ్డలు గట్టి అదుపు వైపు దాదాపు 20 శాతం, వదులు వైపు 16 శాతం. లెక్కల పరీక్షకు ఆ తేడా నిలవలేదు గానీ, అనుమానించేవాళ్ళు ఇప్పటికీ చూపించే అంకె అదే.

2022లో అమెరికా నుంచి చాప్ ట్రయల్ వచ్చింది. పాత బీపీ ఉన్న 2,408 మందిలో ఒక జట్టుకు 140/90 లోపు ఉండేలా మందులిచ్చారు, రెండో జట్టుకు తీవ్రమైతేనే ఇచ్చారు. తీవ్ర లక్షణాలతో ప్రీఎక్లాంప్సియా, 35 వారాల లోపే వైద్య కారణాలతో కాన్పు, మాయ ముందే విడిపోవడం, బిడ్డ మరణం, వీటిలో ఏదో ఒకటి జరిగింది మందు జట్టులో 30.2 శాతానికి, రెండో జట్టులో 37 శాతానికి. మరి బిడ్డల బరువు? బాగా తక్కువ బరువుతో పుట్టినవాళ్ళు 11.2 శాతం, 10.4 శాతం, దాదాపు సమానం.

దీని తర్వాత అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం పాత బీపీకి 140/90 దగ్గరే మందు మొదలుపెట్టమంది. బ్రిటన్ మార్గదర్శకాలు 135/85ను లక్ష్యంగా పెట్టుకున్నాయి. గర్భధారణ బీపీపై పనిచేసే అంతర్జాతీయ సంఘం కింది అంకె 85 దగ్గర ఉంచమంటుంది. 20 వారాల తర్వాత కొత్తగా వచ్చిన ఓ మాదిరి బీపీ మీద ఏకాభిప్రాయం అంత బలంగా లేదు, ఎందుకంటే చాప్‌లో ఉన్నది పాత బీపీ వాళ్ళు.

నాకు తోచేది ఇది. నిదానంగా, 130లకు తెచ్చే వైద్యం బిడ్డ కడుపు కొడుతుందన్న భయానికి ఇప్పుడు ఆధారం బలహీనపడింది. అంతకంటే బాగా కిందికి దించడాన్ని ఈ ట్రయల్స్ సమర్థించలేదు, దాన్ని అవి పరీక్షించనూ లేదు. ఇంకో మాట. కనిగిరి కొండపక్క పల్లెలో బీపీ 145 నుంచి 170కి ఎక్కితే గంటలో ఆసుపత్రికి చేరడం బోస్టన్‌లో చేరినంత సులువు కాదు. వదులుగా వదిలేస్తే తీవ్రమయ్యే అవకాశం ఎక్కువని చిప్స్ చెప్పిన మాట ఆ పల్లెకే ఎక్కువ వర్తిస్తుంది.

మాత్రలన్నీ ఒకటి కావు

లాబెటలాల్, నిదానంగా పనిచేసే నిఫెడిపిన్, మిథైల్‌డోపా. గర్భిణులకు ఎక్కువగా రాసేవి ఈ మూడే. ఆయాసం, ఉబ్బసం ఉన్నవాళ్ళకు లాబెటలాల్ పనికిరాదు. నాగపూర్‌లో రెండు ఆసుపత్రుల్లో 894 మంది తీవ్రమైన బీపీ గర్భిణులకు ఈ మూడు మందులనూ నోటి ద్వారానే ఇచ్చి చూశారు. 2019లో ఫలితాలు వచ్చాయి. ఆరు గంటల్లో ఇబ్బంది లేకుండా బీపీ అదుపులోకి వచ్చింది నిఫెడిపిన్‌తో 84 శాతానికి, లాబెటలాల్‌తో 77, మిథైల్‌డోపాతో 76 శాతానికి. సూదిమందు, సిరంజి పంపు లేని చోట ఇది పెద్ద కబురు.

టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఎనాలప్రిల్, రామిప్రిల్ గర్భిణులకు తగవు. నాలుగో నెల దాటాక ఇవి బిడ్డ కిడ్నీలను దెబ్బతీస్తాయి, ఉమ్మనీరు తగ్గిపోతుంది. మన ఊళ్ళలో బీపీకి విరివిగా రాసే మాత్రల్లో టెల్మిసార్టాన్ ఒకటి కాబట్టి, ముప్పై దాటి గర్భం దాల్చే పాత బీపీ మనిషి దగ్గర పాత స్ట్రిప్పు ఉండే అవకాశం బాగా ఉంది. అటెనలాల్‌కు బిడ్డ ఎదుగుదల తగ్గించే పేరుంది, గర్భిణులకు దాన్ని వాడరు. "మాత్ర వల్ల బిడ్డ చిక్కిపోయింది" అన్న మాట కొన్ని మాత్రల విషయంలో నిజమేనన్నమాట.

మెగ్నీషియం సల్ఫేట్ బీపీ మందు కాదు, ఫిట్స్ రాకుండా ఇచ్చేది. సుమారు పది వేల మందితో జరిగిన మాగ్‌పై ట్రయల్‌లో, 2002లో, అది ఫిట్స్‌ను సగానికి పైగా తగ్గించింది. పీహెచ్‌సీలో పిరుదులకు రెండు పెద్ద సూదులు వేసి 108 ఎక్కిస్తే ఇంటివాళ్ళు "బీపీకి సూదేశారు" అనుకుంటారు. బీపీకి మందు వేరే ఇవ్వాల్సిందే.

అంకె బాగుంది, స్కానింగు బాగాలేదు

ఇద్దరిని ఊహించుకుందాం. ఇద్దరికీ 32 వారాలు, ఇద్దరికీ మాత్రల మీద బీపీ 134/84. పద్మ బిడ్డ వారాలకు తగ్గ బరువుంది, బొడ్డుతాడు డాప్లర్ (రక్తం పారే తీరు చూసే స్కానింగు) మామూలుగా ఉంది. రజియా బిడ్డ నాలుగు వారాలు వెనకబడింది, ఉమ్మనీరు తక్కువ. బొడ్డుతాడులో గుండె రెండు కొట్టుళ్ళ మధ్య సాగాల్సిన ప్రవాహం ఆగిపోతోంది. రిపోర్టులో ఆబ్సెంట్ ఎండ్ డయస్టాలిక్ ఫ్లో అని రాసేది దీన్నే.

బీపీ అంకె ఇద్దరిదీ ఒకటే, మాయలు ఒకటి కావు. బొడ్డుతాడు డాప్లర్ కొలిచేది బిడ్డ వైపు నుంచి మాయలోకి పోయే రక్తానికి ఎంత అడ్డంకి ఉందో. ఆ అడ్డంకి వారాల తరబడి మాయలో నాళాలు పాడవడం వల్ల వస్తుంది, నిన్న వేసుకున్న లాబెటలాల్ వల్ల కాదు. రజియా మాత్ర మానేస్తే ఆ ప్రవాహం తిరిగి రాదు, ఆమెకు బీపీ మాత్రం పెరుగుతుంది. ఇలాంటి కేసుల్లోనే నింద మాత్ర మీద పడుతుంది. మాత్ర వేసుకున్నది నిజం, బిడ్డ చిన్నగా పుట్టింది నిజం, రెంటికీ కారణం మాత్రం చెడ్డ మాయ.

పద్మకు అంతా బాగుంటే 37 వారాల దాకా ఆగుతారు. 2009లో నెదర్లాండ్స్‌లో 756 మందితో జరిగిన హైపిటాట్ ట్రయల్, 36 వారాలు దాటాక నొప్పులు తెప్పించి కాన్పు చేస్తే తల్లికి మేలని, ఆపరేషన్లు పెరగలేదని చూపించింది. రజియా సంగతి వేరు. బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి స్టెరాయిడ్ సూదులు వేసి, కాన్పు ఎప్పుడన్నది రోజురోజూ తేల్చుకుంటారు. నెలలు నిండని బిడ్డను చూసుకునే నవజాత శిశు విభాగం ఉన్న చోటే అది జరగాలి. నెల్లూరుకో ఒంగోలుకో పంపించేది అందుకే.

ముందే ఆపడం, ఉప్పు మానడం

నాళాలు తెరుచుకునే పని తొలి సగంలోనే జరుగుతుంది కనుక ముందు జాగ్రత్త కూడా అప్పుడే. 2017లో వచ్చిన ఆస్ప్రే ట్రయల్‌లో ముప్పు ఎక్కువున్నవాళ్ళకు 11–14 వారాల నుంచి రాత్రిపూట 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇచ్చారు. 37 వారాల లోపు వచ్చే ప్రీఎక్లాంప్సియా 4.3 శాతం నుంచి 1.6కు తగ్గింది. నెలలు నిండాక వచ్చేదాన్ని అది ఆపలేదు. పీహెచ్‌సీలో ఇచ్చే కాల్షియం ఎముకలకు మాత్రమే కాదు, తిండిలో కాల్షియం తక్కువున్న చోట ప్రీఎక్లాంప్సియాను కూడా తగ్గిస్తుంది. బెంగళూరులో 11,000 మందితో చేసి 2024లో ప్రకటించిన ట్రయల్‌లో రోజుకు 500 మిల్లీగ్రాములు కూడా 1,500తో సమానంగానే పనిచేసింది.

ఎండుచేపలు, ఊరగాయ మాన్పించి చప్పిడి తిండి పెట్టడం మనకు అలవాటైన వైద్యం. ఉప్పు తగ్గిస్తే ప్రీఎక్లాంప్సియా రాకుండా ఉంటుందని పరిశోధనల్లో తేలలేదు. రోజంతా మంచం మీద పడుకోబెట్టడమూ అంతే.

మాయ పడిపోయాక

జబ్బుకు మూలం మాయ అయితే అది బయటికొచ్చాక తగ్గిపోవాలిగా అనిపిస్తుంది. తగ్గుతుంది, కానీ వెంటనే కాదు. కాన్పు తర్వాత మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య బీపీ మళ్ళీ ఎక్కుతుంది, ఫిట్స్ ఈ రోజుల్లోనూ వస్తాయి. మామూలు కాన్పు అయితే తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ బండి ఆమెను ఇంటి దగ్గర దించేది దాదాపు ఇదే సమయానికి. పుట్టింట్లో నాలుగో రోజు తలనొప్పి వస్తే పచ్చి బాలింతకు గాలి తగిలిందని చెవుల్లో దూది పెడతారు. ఇప్పుడు కడుపులో బిడ్డ లేదు, మాయకు రక్తం చాలదన్న బెంగా లేదు, బీపీని మొహమాటం లేకుండా దించొచ్చు. గర్భంలో తగదన్న ఎనాలప్రిల్‌ను పాలిచ్చే తల్లికి ఇస్తారు కూడా. ఆశా కార్యకర్త మూడో రోజున, ఏడో రోజున ఇంటికొచ్చి బిడ్డను తూచి, ఒళ్ళు వెచ్చగా ఉందేమో చూసిపోతుంది. తల్లి బీపీ చూడాల్సిన రోజులూ సరిగ్గా అవే.